మాండరిన్ చేపను బతికించుకోవడం ఎలా: ముందు తిండి, తర్వాతే చేప

ఉప్పునీటి అక్వేరియం తొట్టిలో పెంచే మాండరిన్ చేప గురించి నన్ను అడిగేవారి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘నీళ్లు బాగున్నాయి, మిగతా చేపలు హుషారుగా ఉన్నాయి, ఇది కూడా రోజంతా రాళ్ల మీద ఏదో ఏరుకుంటూనే ఉంది. రెండో నెలలో ఒక ఉదయం చూస్తే చనిపోయి ఉంది. ఏ జబ్బు వచ్చింది?’

జబ్బు కాదు, ఆకలి. మాండరిన్ మన కళ్ల ముందే తిరుగుతూ, తింటున్నట్టే కనిపిస్తూ, వారాల తరబడి చిక్కి చనిపోతుంది. నేనూ ఒక చేపను ఇలాగే పోగొట్టుకున్నాను. 90 లీటర్ల తొట్టి, పెట్టి రెండు నెలలే అయింది. ఏడో వారంలో పైనుంచి చూసినప్పుడు దాని తల వెనక రెండు గుంటలు కనిపించాయి. ఆ తర్వాత అది నాలుగు రోజులే బతికింది. అప్పటి నుంచి ఏ క్రమం పాటిస్తున్నానో దాన్నే ఇక్కడ రాస్తున్నాను. శాస్త్రజ్ఞులు సింకిరోపస్ స్ప్లెండిడస్ అని పిలిచే చేప ఇది. దీని దగ్గరి బంధువైన చుక్కల మాండరిన్‌కూ ఇదే పద్ధతి సరిపోతుంది.

1. ఈ చేప ఎలా తింటుందో తెలుసుకోండి

మాండరిన్ ఆరేడు సెంటీమీటర్ల చేప. జపాన్‌కు దక్షిణాన ఉన్న ర్యుక్యూ దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియా దాకా పశ్చిమ పసిఫిక్‌లో కనిపిస్తుంది. అలల తాకిడి తక్కువగా ఉండే చోట, విరిగిన పగడపు ముక్కల మధ్య దాని కాపురం.

ఇది ఈదేది తక్కువ, పాకేది ఎక్కువ. పొట్ట కింది రెక్కల మీద ఆనుకుని రాయి మీద రెండంగుళాలు జరుగుతుంది. ఆగి, కళ్లు రెండూ తిప్పి చూస్తుంది. నోటిని గొట్టంలా ముందుకు చాపి చటుక్కున ఒక్క పోటు పొడుస్తుంది. మళ్లీ జరుగుతుంది. వెలుతురు ఉన్నంతసేపూ దానికి ఇదే పని.

ఆ పోటుకు దొరికేది ఎక్కువగా కోపీపాడ్. రొయ్య, పీతల వర్గానికే చెందిన ఈ జీవి చాలావరకు మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. దానితో పాటు చిన్న పురుగులు, చిన్న నత్తలు, ఇతర చేపల గుడ్లు కూడా తింటుంది. నోరు చిన్నది, ఒక్కో ముద్ద అంతకంటే చిన్నది. అందుకే గంటల తరబడి తింటూనే ఉండాలి. పూటకు ఒకసారి నీళ్లలో వేసే తిండి కోసం పైకి రాదు. అది కిందికి చేరేలోపు మిగతా చేపలు మింగేస్తాయి.

అంటే తిండి రాళ్ల మీదే పుట్టి పెరగాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ దీనికోసమే.

2. తొట్టి: పరిమాణం కంటే వయసు ముఖ్యం

సముద్రంలో పట్టిన చేపకు కనీసం 250 లీటర్ల తొట్టి కావాలి. తొట్టిలోనే పుట్టి, నిల్వ తిండికి అలవాటు పడిన పిల్లకు 120 లీటర్లు చాలవచ్చు. అయితే అప్పుడు రోజుకు రెండు మూడు సార్లు తినిపించే బాధ్యత మీదే.

కొత్త తొట్టిలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది అక్కడితో తొట్టి సిద్ధమైందని అనుకుంటారు. క్లౌన్ చేపకు అది సిద్ధమే, మాండరిన్‌కు కాదు. రాళ్ల మీద సన్నని నాచు పొర పట్టాలి. దాన్ని తినే కోపీపాడ్లు తరాల కొద్దీ పెరిగి ప్రతి రంధ్రంలోనూ చేరాలి. దీనికి ఆరు నెలలు పడుతుంది. నేనైతే తొమ్మిది నెలలు ఆగమంటాను.

రాళ్ల విషయంలో ఒక హెచ్చరిక. మన సముద్రాల పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తీరం నుంచి పగడపు రాళ్లు ఏరుకు రావద్దు, అలా ఏరినవి ఎవరైనా అమ్మినా కొనవద్దు. రంధ్రాలు ఎక్కువగా ఉన్న పొడి రాళ్లు, కాల్చిన మట్టితో చేసిన కృత్రిమ రాళ్లు దుకాణాల్లో దొరుకుతాయి. వాటితో ప్రాణులేవీ రావు కాబట్టి కోపీపాడ్లను మనమే తెచ్చి వదలాలి. అంతే తేడా.

తొట్టిలో ఉండాల్సినవి:

- 250 లీటర్లకు 25 కిలోల దాకా రంధ్రాల రాళ్లు. గోడలా పేర్చకుండా, మధ్యలో గుహలు, సందులు వచ్చేలా పెట్టాలి.
- మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన సన్నని ఇసుక.
- తొట్టి మూలలో అరచేయంత మేర వేలెడంత సైజు రాతి ముక్కల కుప్ప. చేప నోరు అందని ఈ సందుల్లోనే కోపీపాడ్లు పిల్లలు పెడతాయి.
- పైన వల మూత. మాండరిన్ అరుదుగానే ఎగురుతుంది, కానీ ఎగిరిందంటే అది బతకదు.
- పంపుల నోటికి స్పాంజి తొడుగు.
- వీలైతే రెఫ్యూజియం.

రెఫ్యూజియం అంటే ప్రధాన తొట్టికి గొట్టాలతో కలిపిన చిన్న గది. చాలామంది దీన్ని తొట్టి కింద బల్లలో ఉండే సంప్‌లోనే (వడపోత పరికరాలు పెట్టే కింది తొట్టి) ఒక అర కేటాయించి ఏర్పాటు చేసుకుంటారు. అందులో కీటోమార్ఫా అనే నాచును, కొన్ని రాతి ముక్కలను ఉంచి నీటి ప్రవాహం మెల్లగా ఉండేలా చూడాలి. చేపలు రాలేని చోటు కాబట్టి కోపీపాడ్లు అక్కడ భయం లేకుండా పెరిగి, నీటితో పాటు పైతొట్టిలోకి వస్తాయి. ప్రధాన తొట్టి దీపం ఆరినప్పుడు రెఫ్యూజియం దీపం వెలిగేలా టైమర్ పెట్టండి. రాత్రిపూట పీహెచ్ పడిపోకుండా ఉంటుంది.

3. నీళ్లు, ఎండలు, కరెంటు

ఈ అంకెలు దాటనివ్వవద్దు:

- లవణీయత: 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాలు ఉప్పు), అంటే సాంద్రత 1.026
- వేడి: 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్
- పీహెచ్: 8.1 నుంచి 8.4
- అమ్మోనియా, నైట్రైట్: సున్నా
- నైట్రేట్: 5 నుంచి 15 పీపీఎం

నైట్రేట్ సున్నా ఉంటే గొప్ప అనుకోవద్దు. అక్కడ నాచు పెరగదు, నాచు లేనిచోట కోపీపాడ్లు నిలవవు. మరీ తేటగా ఉండే తొట్టి మాండరిన్‌కు ఎడారే.

బోరు నీళ్లు పనికిరావు. వంటింటి ఆర్‌ఓ యంత్రం నీళ్లు కూడా చాలవు. తాగడానికి రుచి కోసం అందులో కొన్ని లవణాలు మిగిలేలా చేస్తారు కాబట్టి నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 50కి పైగానే చూపిస్తుంది. మనకు సున్నా కావాలి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి తగిలిస్తే సరిపోతుంది. ఆ నీటిలో లీటరుకు 35 నుంచి 40 గ్రాముల అక్వేరియం ఉప్పు కలిపి, ఒక రోజు పంపుతో తిప్పి, ఉప్పదనాన్ని చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా రిఫ్రాక్టోమీటర్ చూపిందే లెక్క. సముద్రం దగ్గరే ఉంది కదా అని విశాఖ తీరం నుంచి బిందెలతో నీళ్లు తెచ్చేవారున్నారు. ఒడ్డు నీటిలో పట్టణపు మురుగు, వర్షాకాలంలో మంచినీరు కలుస్తాయి. వద్దు.

ఎండాకాలం మన దగ్గర అసలైన పరీక్ష. నీటి మీదికి ఫ్యాను పెడితే ఆవిరితో పాటు వేడి పోయి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. పొడిగా ఉండే హైదరాబాద్ ఏప్రిల్‌లో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఉండే కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు అంతగా పనిచేయదు. అక్కడ నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం తప్పదు. ఫ్యాను వాడేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఆవిరైపోయేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని డీఐ నీరు పోయకపోతే వారంలో సాంద్రత 1.028 దాటుతుంది.

కరెంటు పోయినప్పుడు కనీసం ఒక వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) ఇన్వర్టర్ మీద తిరుగుతూ ఉండాలి. అదీ లేనివారు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

4. కోపీపాడ్ల పెంపకం

మొత్తం పనిలో గుండెకాయ ఇదే. దీన్ని చేప కొనడానికి మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

అక్వేరియం దుకాణాల్లో సీసాల్లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. టిస్బీ చిన్నది, రాళ్ల మీదే పాకుతుంది, వెచ్చని తొట్టిలో చక్కగా సంతతి పెంచుకుంటుంది. టిగ్రియోపస్ పెద్దది, ఎర్రగా ఉంటుంది, పోషకాలు ఎక్కువ, కానీ నీటిలో ఎగిరెగిరి ఈదుతూ అన్ని చేపల కంటా పడుతుంది. తొట్టిలో స్థిరపడడానికి టిస్బీ, ఆకలిగా ఉన్న చేపకు వెంటనే పెట్టడానికి టిగ్రియోపస్. రెండూ కొనలేకపోతే టిస్బీ తీసుకోండి.

తొట్టిలో వదిలే పద్ధతి:

1. దీపాలు ఆరిన గంట తర్వాత మొదలుపెట్టండి. అప్పటికి చేపలు నిద్రపోతాయి.
2. స్కిమ్మర్ (బుడగలతో మలినాలు తీసే పరికరం), యూవీ (క్రిములను చంపే దీపం) ఆపండి. వడపోత సంచి తీసేయండి. ఇవి మూడూ కోపీపాడ్లను పట్టేస్తాయి లేదా చంపేస్తాయి.
3. ప్రధాన పంపులు 30 నిమిషాలు ఆపండి.
4. సీసాను తొట్టి నీటిలో 15 నిమిషాలు తేలనిచ్చి, పొడవాటి గొట్టం తగిలించిన సిరంజితో రాళ్ల సందుల్లోకి, ఇసుక దగ్గరికి మెల్లగా వదలండి. సగం రెఫ్యూజియంలో పోయండి.
5. పంపులు మళ్లీ వేయండి. స్కిమ్మర్, యూవీ, వడపోత సంచి మరుసటి ఉదయం వేయవచ్చు.
6. ఇదే పనిని రెండు వారాల తేడాతో మరో రెండుసార్లు చేయండి.

ఒక సీసా పోసి చేప తెచ్చేవారు చాలామంది. ఆ సీసా ఒక మాండరిన్‌కు ఒకటి రెండు రోజుల తిండి. మనం పోస్తున్నది తిండి కాదు, విత్తనం. నారు పోసి మర్నాడే కోతకు ఎవరూ దిగరు కదా.

తొట్టి బయట కూడా పెంపకం పెట్టుకుంటే నెలనెలా సీసాల ఖర్చు తగ్గుతుంది. కావలసినవి రెండు పది లీటర్ల తెల్ల బకెట్లు, గాలి పంపు, గట్టి గాలి గొట్టం, ఫైటోప్లాంక్టన్ (కోపీపాడ్లు తినే సూక్ష్మ నాచు) సీసా, 53 మైక్రాన్ల జల్లెడ.

బకెట్‌లో ఏడెనిమిది లీటర్ల కొత్త ఉప్పునీరు పోసి కోపీపాడ్లు వదలండి. గాలి గొట్టం చివర బుడగలను సన్నగా చీల్చే రాయి తగిలించవద్దు. సన్న బుడగలు వాటికి అతుక్కుని చంపుతాయి. సెకనుకు ఒకటి రెండు పెద్ద బుడగలు వస్తే చాలు. ఫైటోప్లాంక్టన్‌ను నీరు లేత ఆకుపచ్చగా మారేంత పోయండి. ఎంత పచ్చదనం ఉండాలంటే, బకెట్ అడుగు మసకగా కనిపించాలి. రెండు మూడు రోజుల్లో నీరు తేటపడుతుంది. అప్పుడు మళ్లీ పోయండి. ఇంకా పచ్చగా ఉండగానే మళ్లీ పోస్తే నీరు కుళ్లుతుంది. ఈ పెంపకాలు పాడవడానికి నేను చూసిన మొదటి కారణం ఇదే.

రెండు వారాలకు బకెట్ గోడల మీద దుమ్ము కదులుతున్నట్టు కనిపిస్తుంది. నీటిలో మూడో వంతు జల్లెడలో పోసి, పట్టిన వాటిని తొట్టిలో వదలండి. తగ్గినంత కొత్త ఉప్పునీరు బకెట్‌లో కలపండి. రెండో బకెట్ మరో గదిలో ఉంచడం మంచిది. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది. ఫైటోప్లాంక్టన్ సీసాను ఫ్రిజ్‌లో ఉంచి రోజూ ఒకసారి ఊపండి, లేకపోతే అడుగున పేరుకుని చచ్చిపోతుంది.

మన కోస్తా జిల్లాల్లో రొయ్యల హేచరీల్లో పనిచేసేవారికి నాచు కల్చర్, ఆర్టీమియా (రొయ్య పిల్లలకు మేతగా వాడే చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లు పొదగడం చేతికొచ్చిన విద్య. అలాంటి స్నేహితులుంటే పద్ధతి వారి దగ్గర నేర్చుకోండి. నీళ్లు, జీవాలు మాత్రం హేచరీ నుంచి తొట్టిలోకి తేవద్దు. వాటితో రోగాలు వచ్చే ప్రమాదం ఉంది.

5. టార్చిలైటు పరీక్ష

చేప కొనాలా వద్దా అన్నది తేల్చేది దుకాణదారు కాదు, ఈ పరీక్ష.

దీపాలు ఆరిన గంటన్నరకు టార్చిలైటును గాజుకు ఆనించి పక్కవాటుగా వేయండి. వెలుగు పడిన చోట తెల్లని చుక్కలు కనిపించాలి. ఒక నిమిషం కన్నార్పకుండా చూడండి. ఆ చుక్కలు కుదుపుగా జరగాలి, ఆగాలి, మళ్లీ జరగాలి. అరచేయంత గాజు మీద పాతిక ముప్పై లెక్కకొస్తే, మరో మూడు చోట్ల కూడా అలాగే ఉంటే, తొట్టి సిద్ధం. ఒకే వారంలో మూడు రాత్రులు ఇదే ఫలితం రావాలి. ఈ అంకె నా అనుభవంతో పెట్టుకున్నది. తక్కువైతే ఇంకో నెల ఆగండి.

పక్క గాజులను, వెనక గాజును గీకి శుభ్రం చేయడం ఈరోజే మానేయండి. ముందు గాజు ఒక్కటి చాలు.

6. తోటి చేపలు

చేప వచ్చాక మార్చడం కష్టం కాబట్టి ఇది ముందే తేల్చుకోవాలి.

- వద్దు: ఆరు చారల రాస్ వంటి రాస్ చేపలు, పైప్ చేపలు, స్కూటర్ డ్రాగనెట్లు. ఇవన్నీ ఇదే తిండి తింటాయి. ఆరు చారల రాస్ ఒక్కటే ఒక తొట్టిని ఊడ్చేయగలదు.
- వద్దు: పెద్ద హాక్ చేపలు, డాటీబ్యాక్‌లు, పెద్ద పీతలు, తివాచీలా పరుచుకునే ఎనిమోన్లు.
- పరవాలేదు: క్లౌన్ చేపలు, ఫైర్ ఫిష్, రాయల్ గ్రామా, చిన్న కార్డినల్ చేపలు, పగడాలు.

రెండు మగ మాండరిన్లను కలిపితే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. మగదాని వీపు మీది మొదటి రెక్కలో ముందు ముల్లు పొడవుగా జెండా కర్రలా లేస్తుంది. ఆడదానికి అది ఉండదు. జంట పెట్టాలంటే తిండి రెట్టింపు కావాలి. మొదటిసారి పెంచేవారు ఒక్క చేపతో ఆగండి.

7. దుకాణంలో ఎంపిక

తొట్టిలో పుట్టిన పిల్ల దొరికితే ధర ఎక్కువైనా అదే తీసుకోండి. చిన్నప్పటి నుంచి మనిషి పెట్టింది తినడం దానికి అలవాటు. అమెరికాలో ఉన్న మనవారికి ఇవి దొరకడం కష్టం కాదు. ఇక్కడ దొరికేవి ఎక్కువగా సముద్రంలో పట్టినవే.

చేపను రంగు చూసి కొనవద్దు. ఎముకలు తేలుతున్న మాండరిన్‌కు కూడా నీలం, నారింజ చారలు మెరుస్తూనే ఉంటాయి. ఈ వరుసలో చూడండి:

- పైనుంచి: తల వెనక గుంటలు ఉండకూడదు. వీపు గుండ్రంగా, తోక వైపు క్రమంగా సన్నబడాలి.
- పక్కనుంచి: పొట్ట లోపలికి పీక్కుపోకూడదు. శరీరం మధ్యలో గీతలా గట్టు తేలకూడదు.
- చర్మం: పొట్ట కింద, పక్కల చిన్న రంధ్రం లాంటి గాయం ఉందేమో చూడండి. సన్నని శూలంతో గుచ్చి పట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంది.
- కదలిక: మేలుకుని, రాళ్ల మీద పొడుస్తూ ఉండాలి. మూలన ఒకే చోట వేగంగా ఊపిరి తీస్తూ ఉంటే వదిలేయండి.
- తిండి: మీ ఎదుటే ఏదైనా తినిపించమని అడగండి. ఆర్టీమియా పిల్లలను తింటే చాలు, నిల్వ తిండి తింటే ఇంకా మేలు.

దుకాణంలో తిండి లేక చిక్కిన చేపను జాలితో కొనవద్దని చాలామంది చెబుతారు. నేనూ అదే చెబుతాను. దాన్ని కోలుకునేలా చేయడానికి రోజుకు ఐదారు సార్లు బతికున్న తిండి కావాలి. మీ బకెట్లు నిండుగా ఉంటే తప్ప అది సాధ్యం కాదు.

8. ఇంటికి తెచ్చిన రోజు

వల వాడవద్దు. మాండరిన్ చెంపల దగ్గర గట్టి ముళ్లుంటాయి, అవి వలలో చిక్కుకుని చీలతాయి. గాజు గిన్నె లేదా పారదర్శకమైన డబ్బా ముంచి అందులోకి మెల్లగా తోలండి. దీని ఒంటికి పొలుసులు ఉండవు, దట్టమైన జిగురు ఉంటుంది. ఆ జిగురే దాని కవచం, చేతితో తుడిచేయవద్దు.

సంచి నీటి సాంద్రతను దుకాణంలోనే అడిగి తెలుసుకుని, అదే సాంద్రతలో చిన్న తొట్టి సిద్ధం చేయండి. సంచిని 20 నిమిషాలు తేలనిచ్చి, తెరిచి, చేపను మాత్రం మార్చండి. ఎక్కువ గంటలు ప్రయాణించిన సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది. మూత తెరవగానే పీహెచ్ పెరిగి ఆ అమ్మోనియా విషమవుతుంది. అందుకే ఆ నీటిలోనే గంటలకొద్దీ చుక్కచుక్కగా అలవాటు చేయడం దీనికి మేలు చేయదు.

వేరు తొట్టిలో ఉంచి పరిశీలించగలిగితే మంచిదే. కానీ అక్కడా తిండి ఉండాలి. రెఫ్యూజియం నుంచి కొంత నాచు, రాతి ముక్కలు తెచ్చి వేసి, రోజూ కోపీపాడ్లు పోయగలిగితేనే ఆ పని చేయండి. జిగురు పొర వల్ల దీనికి తెల్లచుక్కల రోగం తక్కువగా పట్టుకుంటుంది, అసలు పట్టదని కాదు. ముందు జాగ్రత్త పేరుతో రాగి మందు వేయవద్దు, ఈ చేప తట్టుకోవడం కష్టం.

ప్రధాన తొట్టిలోకి సాయంత్రం దీపాలు తగ్గాక వదలండి. ఒకటి రెండు రోజులు కనబడకపోయినా రాళ్లు కదిలించి వెతకవద్దు.

9. నిల్వ తిండికి అలవాటు చేయడం

తొట్టి ఎంత పండినా, ఒక మాండరిన్ కొన్ని నెలల్లో కోపీపాడ్లను బాగా తగ్గించేస్తుంది. అందుకే రెండో దారి కావాలి. దీనికి ఓపిక కావాలి, కొన్ని చేపలు మూడు వారాల్లో నేర్చుకుంటాయి, కొన్ని మూడు నెలలు తీసుకుంటాయి.

మొదటి వారం ఆర్టీమియా పిల్లలు. రెండు లీటర్ల శీతల పానీయం సీసాను అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టి, లీటరున్నర ఉప్పునీరు పోయండి. అర చెంచా గుడ్లు వేసి, అడుగు నుంచి గట్టిగా గాలి కొట్టండి. 28 డిగ్రీల దగ్గర 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి అడుగున దీపం పెడితే పిల్లలు వెలుగు వైపు దిగుతాయి, పెంకులు పైకి తేలతాయి. కింది నీటిని వడకట్టి, మంచి ఉప్పునీటితో కడిగి పెట్టండి. పొదిగిన కొద్ది గంటల్లోనే తినిపించాలి. ఆలస్యమైతే ఒంట్లోని పచ్చసొన ఖర్చయి పోషకం తగ్గుతుంది.

తినిపించడానికి గాజు సీసా పద్ధతి నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది. జామ్ సీసా లాంటి చిన్నది తీసుకోండి. దాన్ని ఇసుక మీద అడ్డంగా పడుకోబెట్టి, మూతికి మాండరిన్ దూరేంత రంధ్రం మాత్రమే ఉన్న ప్లాస్టిక్ మూత పెట్టండి. పంపులు పది నిమిషాలు ఆపి, పొడవాటి గొట్టంతో తిండిని సీసాలోకి వదలండి. తిండి కొట్టుకుపోదు, పెద్ద చేపలు దూరలేవు. రోజూ అదే వేళకు, అదే చోట. మొదటి నాలుగు రోజులు నా చేప సీసా చుట్టూ తిరిగి గాజు మీదే పొడిచింది. ఐదో రోజు తల లోపల పెట్టింది. తొమ్మిదో రోజు నేను గొట్టం తీసుకుని కుర్చీ జరిపిన చప్పుడుకే సీసాలో వచ్చి కూర్చుంది.

అక్కడి నుంచి మార్పు ఇలా:

- రెండో వారం: మూడు వంతులు బతికున్న ఆర్టీమియా, ఒక వంతు గడ్డకట్టించిన సైక్లాప్స్ లేదా కాలనస్ (ఇవీ కోపీపాడ్ రకాలే).
- మూడో, నాలుగో వారం: సగం సగం. కొద్దిగా చేప గుడ్లు కలపండి. ఇవంటే చాలా మాండరిన్లకు ఇష్టం.
- ఆ తర్వాత: గడ్డకట్టించిన తిండే ఎక్కువ. మైసిస్‌ను (చిన్న రొయ్యల్లాంటి జీవులు) సన్నగా తరిగి కలపవచ్చు.
- ఏ దశలోనైనా రెండు రోజులు ముట్టకపోతే వెనక దశకు వెళ్లండి.

నిల్వ తిండి తింటోంది కదా అని కోపీపాడ్ల బకెట్లు ఎత్తేయవద్దు. రోజుకు రెండు పూటల సీసా భోజనం, మిగతా సమయమంతా రాళ్ల మీద వేట. రెండూ ఉంటేనే అది నిండుగా ఉంటుంది.

10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*‘రోజంతా పొడుస్తోంది కాబట్టి తింటోంది.’* పొడవడం వెతకడం మాత్రమే. నిమిషానికి ఎన్నిసార్లు పొడిచిందో కాదు, పొట్ట ఎలా ఉందో చూడాలి.

*రాత్రి గాజు మీద చుక్కలు మాయమయ్యాయి.* వడపోత సంచి తీసి ఉంచండి, రాతి ముక్కల కుప్పను పెంచండి, రెండు వారాలకోసారి బకెట్ నుంచి కోపీపాడ్లు పోయండి. కొత్తగా తెచ్చిన రాస్ చేప ఏదైనా ఉంటే అసలు కారణం అదే.

*పొట్ట లోపలికి పోయింది.* ఒక్కరోజు కూడా ఆగవద్దు. తొట్టి లోపలే వేలాడే రంధ్రాల పెట్టెలో చేపను ఉంచి, రోజుకు ఐదారు సార్లు కోపీపాడ్లు, ఆర్టీమియా పిల్లలు పెట్టండి. పెట్టెలో ఒక చిన్న రాయి, కొంచెం నాచు వేయండి. పొట్ట మళ్లీ గుండ్రబడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా బయటికి వదలవద్దు. చేప చిక్కిపోయాక సీసాలు ఆర్డరు పెట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అందుకే బకెట్ల సంగతి ముందే చెప్పాను.

*సాయంత్రం జంట పైకి లేచి నీటిలో తేలుతోంది.* భయపడవద్దు. అవి గుడ్లు పెడుతున్నాయి. ఆ పది నిమిషాలు దీపం వేయకుండా చూడండి.

*తెల్లచుక్కలు కనిపించాయి.* చేపలన్నిటినీ వేరు తొట్టికి మార్చి, ప్రధాన తొట్టిని 76 రోజులు చేపలు లేకుండా ఉంచడమే సురక్షితం. చేపలు లేని ఆ రోజుల్లో అక్కడ కోపీపాడ్లు విరగపండుతాయి, తిరిగి వచ్చే మాండరిన్‌కు అది మేలు.

11. వారం వారం చూసుకోవాల్సినవి

- ప్రతిరోజూ: వేడి, ఆవిరైన నీటి మేర డీఐ నీరు, సీసా భోజనం రెండు పూటలు.
- ఆదివారం: చేపను పైనుంచి, పక్కనుంచి ఫోనుతో ఒక్కో ఫొటో. పోయిన నెల ఫొటో పక్కన పెట్టి చూడండి. రోజూ చూసే కంటికి చిక్కడం తెలియదు, ఫొటోల్లో తెలిసిపోతుంది.
- వారానికోసారి: రాత్రి టార్చిలైటు పరీక్ష, సాంద్రత, నైట్రేట్.
- రెండు వారాలకోసారి: పదో వంతు నీరు మార్పు, బకెట్ల నుంచి కోత.
- నెలకోసారి: పంపుల స్పాంజి తొడుగులు కడగడం. కుళాయి నీటితో కాదు, తీసిన తొట్టి నీటితో. కడిగిన నీటిని గాజు గ్లాసులో పోసి చూడండి. అందులో ఈదుతున్న చుక్కలను రెఫ్యూజియంలో తిరిగి పోసేయండి.